పల్లంరాజుగారి పెట్రోలు కార్డు బేరం

భీమవరంలో పల్లంరాజుగారు బేరమాడని వస్తువు లేదు. కొన్న వస్తువూ లేదు. ఈ మాట ఆయన ముఖం మీదే అన్నా నొచ్చుకోరు, "కొనడానికి తొందరేముందండీ" అంటూ మీసం సవరించుకుంటారు. నున్నటి బట్టతల పెట్టుకుని దువ్వెనల బండి ముందు గంటసేపు నిలబడగల మనిషి ఆయన. పళ్ళు గుచ్చుకుంటాయా, ఎండకి వంగిపోతాయా, పేలు కూడా వస్తాయా అని వీధంతా వినపడేలా అడిగి, చివరికి "ఆలోచించుకుని చెప్తానయ్యా" అని చేతులు దులుపుకుని వెళ్ళిపోతారు.

చేపల మార్కెట్లో అయితే మరీనూ. ఏళ్ళ తరబడి అక్కడ వేలంపాట నడిపిన గొంతు కదా, ఆయన గుసగుసలాడినా సందు చివరికి వినపడుతుంది. చేప ముక్క నోట్లో పెడితే ఒళ్ళంతా దద్దుర్లొచ్చే ఆ మహానుభావుడు, తలుపులమ్మ అనే ఆవిడ కొత్తగా గంప పెట్టుకున్న రోజుల్లో ఒక పండుగప్ప చేపని పట్టుకుని పూటంతా బేరమాడారు. మొప్పలెత్తి చూశారు, తోక పట్టి ఊపారు, ఏ చెరువుదో, ఏం మేత తిందో ఆరా తీశారు. పిల్లనిచ్చే ఇంటివాళ్ళు కూడా అన్ని ప్రశ్నలు వెయ్యరు. చివరికి ఆ చేపని ఇంకెవరో కొనుక్కుపోయారు. తలుపులమ్మ ఆయన్ని తిట్టిన తిట్లు ఇక్కడ రాయడం మర్యాద కాదు.

అలాంటి పల్లంరాజుగారు కిందటేడు శ్రావణమాసంలో వీరదుర్గ అనే అమ్మాయికి దాపురించారు.

వీరదుర్గది పక్క ఊరు. ఉండి ఊరికెళ్ళే రోడ్డులో ఒక పెట్రోలు బంకు పక్కన గొడుగు, బల్ల వేసుకుని, బంకుకొచ్చేవాళ్ళ చేత క్రెడిట్ కార్డులు తీయించే ఉద్యోగంలో కొత్తగా చేరింది. అంతకుముందు డిగ్రీ చేత పట్టుకుని రొయ్యల ప్లాంటులో తొక్క తీసింది. ఐసు నీళ్ళలో నాని నాని వేళ్ళు మొద్దుబారిపోయి, ఇంటికెళ్ళి అన్నం కలుపుకుంటే వేడి తెలిసేది కాదు. ఈ ఉద్యోగం దొరికిన రోజున తన చేతులు తానే చూసుకుని మురిసిపోయింది. అయితే ఒక మెలిక ఉంది. మూడు నెలలు చూస్తారు. ఈలోగా ముప్పై మంది చేత కార్డులు తీయిస్తే ఉద్యోగం ఖాయం. లేదంటే మళ్ళీ ఐసు నీళ్ళే.

చిక్కేమిటంటే పిల్లకి నోట్లో నాలుక లేదు. ఎవరైనా బల్ల దగ్గరికొస్తే తల దించుకుని వాళ్ళకి చెప్పాల్సింది తన చెప్పులకి చెప్పేది. వచ్చినవాళ్ళు రెండు క్షణాలు చూసి, పాపం అనుకుని పోయేవాళ్ళు. రెండు నెలలు గడిచేసరికి తీయించిన కార్డులు చేతివేళ్ళకి సరిపోయాయి. అందులో రెండు మేనమామలవి.

అలా దిగాలుగా కూర్చున్న ఒక సాయంత్రం, బంకులో బళ్ళు బారులు తీరి ఉండగా, చంకలో హెల్మెట్టుతో పల్లంరాజుగారు వచ్చి ఇదేంటని అడిగారు. పెట్రోలు కార్డని, కొట్టించుకున్న ప్రతిసారీ పాయింట్లొస్తాయని వీరదుర్గ గొణిగింది.

"ఎవరికి చెప్తున్నావమ్మాయ్? నాకా, నీ చెప్పులకా?"

ఆ గొంతుకి పంపుల దగ్గరున్నవాళ్ళంతా ఇటు తిరిగారు. వీరదుర్గకి అక్కడికక్కడే మాయమైపోతే బాగుండుననిపించింది. గతిలేక కాస్త గొంతు పెంచి మళ్ళీ చెప్పింది. ఆయన వదల్లేదు. పాయింట్లంటే తినేవా, కట్టుకునేవా అన్నారు. వాటితో మళ్ళీ పెట్రోలు పోయించుకోవచ్చని చెబితే, ఆ తగ్గించేదేదో ముందే తగ్గించొచ్చు కదా అన్నారు. కార్డు గీకితే పడే సర్‌చార్జీని బ్యాంకు తర్వాత వెనక్కిస్తుందని చెబితే, వెనక్కిచ్చేదానికి వెయ్యడమెందుకు, వాళ్ళకేం పనిలేదా అన్నారు. జనం నవ్వారు. అలా ముప్పావుగంట నమిలి, "ఆలోచించుకుని చెప్తాలే" అని బంకు చివర గాలి మిషను వైపు నడిచారు. గాలికి డబ్బులు తీసుకోరు కాబట్టి ఆయన బండి ఎప్పుడూ అక్కడే ఉంటుంది.

మర్నాడు మళ్ళీ తయారు. ఆ మర్నాడూ అంతే. ఏడాది ఫీజు ఎప్పుడు పడుతుంది, ఎంత వాడితే పడదు అని ఒక పూట. పాయింట్లు మురిగిపోతాయా, దాచుకోవచ్చా అని ఒక పూట. ఆయన హెల్మెట్టు కనపడితే చాలు, ఇవాళేం అడుగుతారోనని వీరదుర్గ హడలిపోయేది. ఆయన అడగబోయేవాటికి సమాధానాలు ముందే వెతికి పెట్టుకోవడం మొదలుపెట్టింది.

ఆమె దగ్గర రెండు రకాల కార్డులుండేవి. ఒకటి ఈ కంపెనీ బంకుల్లో మాత్రమే ఎక్కువ పాయింట్లిస్తుంది. రెండోది ఏ బంకులోనైనా ఇస్తుంది గానీ కాస్త తక్కువ. ఏది మంచిదని ఆయన అడిగితే, మొదటిదేనని ఆఫీసులో నేర్పిన పాఠం అప్పజెప్పింది. మరి నేను యానాంలో కొట్టిస్తాననుకో, అన్నారాయన. యానాం వెళ్ళేది పెట్రోలు కోసమా, మందు కోసమా అని వెనకనుంచి ఎవరో అన్నారు, బంకంతా గొల్లుమంది. వీరదుర్గకీ నవ్వాగలేదు. నవ్వుతూనే మొదటిసారి తలెత్తి, ముందు మీరు ఎక్కువగా ఎక్కడ కొట్టిస్తారో చెప్పండి, దాన్నిబట్టి కార్డు చెప్తానంది. ఆయన దానికి జవాబు చెప్పకుండా జారుకున్నారు. వెనక నిలబడిన రొయ్యల మేత కంపెనీ సత్తియ్య మాత్రం, తాను కాళ్ళ అనే ఊరి నుంచి కైకలూరు దాకా చెరువులెంట తిరుగుతానని చెప్పి రెండో కార్డు రాయించుకున్నాడు. అతన్ని చూసి ఇంకొకరు ఆగారు.

అసలు గండం లోకనాథ్ వచ్చిన రోజున వచ్చింది. లోకనాథ్ అంటే ఆమె పైఅధికారి. వడ్డీ సంగతి మాత్రం నీ అంతట నువ్వు ఎత్తకు అని ఆమెకి మొదటిరోజే చెప్పిపెట్టాడు. అతను బల్ల పక్కనే నిలబడి ఉండగా పల్లంరాజుగారు సరిగ్గా అదే పట్టుకున్నారు.

"ఇంతకీ నెలాఖరుకి డబ్బులు కట్టకపోతే ఏమవుద్దమ్మాయ్?"

లోకనాథ్ కళ్ళతో వద్దన్నాడు. చుట్టూ పదిమంది వింటున్నారు. వీరదుర్గ ఉన్నదున్నట్టు చెప్పేసింది.

"వడ్డీ మోత మోగిపోద్దండి. ప్రతి నెలా మొత్తం కట్టగలిగినోళ్ళే తీసుకోండి. లేనోళ్ళకి ఈ పాయింట్లు దండగండి."

లోకనాథ్ తల పట్టుకున్నాడు. ఇక తన పని అయిపోయిందనుకుంది వీరదుర్గ. కానీ అప్పటిదాకా దూరం నుంచి చూసి నవ్వుకుంటున్నవాళ్ళు, ఈ పిల్ల నిజం చెబుతోందని దగ్గరికొచ్చారు. ఆ సాయంత్రం మూడు కార్డులు తెగాయి. లోకనాథ్ తల వదిలేసి, ఆమెకి టీ తెప్పించాడు.

ఆఖరి రోజుకి ముప్పైకి ఒక్కటి తక్కువైంది. ఆ ఒక్కటీ ఎవరిదో వీరదుర్గకి అనుమానమే లేదు. నెలరోజులుగా ఇంత ఆరా తీసిన మనిషి తీసుకోకుండా ఎక్కడికి పోతాడు? ఆయన సంగతి తెలిసినవాళ్ళు వింటే పడీపడీ నవ్వేవాళ్ళు గానీ, పక్క ఊరి పిల్లకి ఏం తెలుసు. పైగా పొద్దుటినుంచి ముసురు పట్టింది, బల్ల దగ్గర ఆగే నాథుడు లేడు.

సాయంత్రం పల్లంరాజుగారు తడుచుకుంటూ వచ్చి, ఈ కార్డు వానలో తడిస్తే అక్షరాలు చెరిగిపోతాయా అని అడిగారు. చెరగవని చెప్పి, వీరదుర్గ కాగితం, పెన్ను ఆయన ముందు పెట్టింది.

"ఆలోచించుకుని చెప్తాలే" అని ఆయన గాలి మిషను వైపు నడిచారు.

వీరదుర్గ వానలోనే వెంటపడింది. ఆయన స్కూటరు ఎక్కబోతుండగా దాని నంబరు ప్లేటు కనపడింది. ఆకుపచ్చగా ఉంది. దగ్గరికెళ్ళి చూస్తే పొగగొట్టం కూడా లేదు.

"అది చార్జింగు బండమ్మా, దానికి పెట్రోలెందుకు?" అన్నాడు గాలి కొట్టే చిట్టియ్య.

అంతే, ఆ నోట్లో నాలుక లేని పిల్ల విరుచుకుపడింది.

"పెట్రోలు చుక్క అక్కర్లేని మనిషి నా ప్రాణం ఎందుకు తోడేశారండి బాబాయిగారూ? ఏడాది ఫీజు ఎప్పుడు పడదో చెప్పించారు. ఊళ్ళు తిరిగేవాళ్ళకి ఏది మంచిదో, రోజూ ఒకే బంకులో కొట్టించేవాళ్ళకి ఏది మంచిదో చెప్పించారు. కట్టకపోతే ఏమవుద్దో కూడా చెప్పించారు. సంతకం దగ్గరికొచ్చేసరికి చార్జింగు బండా?"

ఆమె గొంతు బంకు దాటి రోడ్డు అవతలికి వినపడింది. పెట్రోలు కొట్టేవాళ్ళు కొట్టడం ఆపేశారు. వానకి రేకు కింద చేరిన జనమంతా చుట్టూ మూగారు. అందరి ముందూ అరిచానని తెలిసి వీరదుర్గకి ఏడుపొచ్చింది. అప్పుడు వెనక ఆగి ఉన్న కారులోంచి అద్దం దిగింది.

"అమ్మాయీ, ఆ ఒకే బంకుదన్నావే, అది నాకు రాయి. నెలనుంచీ ముక్కలు ముక్కలుగా వింటున్నా, ఇయ్యాళ నువ్వు మొత్తం ఒక్కసారి చెప్పేసరికి అర్థమైంది."

ఆయన రమేష్ బాబుగారు, ఐసు ఫ్యాక్టరీ యజమాని. ఆయన బళ్ళన్నీ రోజూ ఆ బంకులోనే కొట్టించుకుంటాయి. వీరదుర్గని ఐసు నీళ్ళ నుంచి తప్పించింది చివరికి ఆ ఐసు ఆయనే. సంతకం పడ్డాక అమ్మయ్య అని ఆమె కుర్చీలో కూలబడింది. చిట్టియ్య టీ తెచ్చిస్తే గ్లాసు రెండు చేతులతో పట్టుకుంది. వేడి బాగా తెలుస్తోంది. చుట్టూ చూస్తే పల్లంరాజుగారు లేరు, ఎప్పుడో తప్పుకున్నారు.

తన మోపెడ్‌కి పెట్రోలు కొట్టించుకుందామని వచ్చి ఈ తతంగమంతా చూసిన తలుపులమ్మ మాత్రం బల్ల దగ్గరికొచ్చింది.

"నన్నూ ఇలాగే ఏడిపించాడమ్మా ఆయన. తిట్టిపోశాను. తీరా చూసుకుంటే చేపలన్నీ అమ్ముడైపోయి గంప ఖాళీ. చేప తినని మనిషివి, నీకు పండుగప్పెందుకయ్యా అంటే ఏమన్నాడో తెలుసా? వేలంలో కొనేవాడు ముందు నోరు విప్పడంట. ఎవడో ఒకడు మొదటి పాట పాడితేనే మిగతావాళ్ళకి నోరొస్తదంట."

వీరదుర్గకి దువ్వెనల కథ కూడా ఆవిడే చెప్పింది. ఇద్దరూ వాన వెలిసేదాకా నవ్వుకున్నారు.

ఉద్యోగం ఖాయమైన వారానికి, బంకు ఎదురుగా రోడ్డు పక్కన ఒకాయన కొత్తగా కార్లకి కట్టుకునే ఎండ తెరలు పరిచి కూర్చున్నాడు. ఎవరైనా ఆగితే తల దించుకుని చెప్పుల వైపు చూస్తున్నాడు. కాసేపటికి అక్కడ చంకలో హెల్మెట్టుతో పల్లంరాజుగారు ప్రత్యక్షమై, వీటిని ఉతికితే రంగు పోతుందా అని రోడ్డంతా వినపడేలా అడగడం మొదలుపెట్టారు.

వీరదుర్గ బల్ల చిట్టియ్యకి అప్పజెప్పి రోడ్డు దాటింది. ఆయన పక్కనే నిలబడి ఒక తెర చేతిలోకి తీసుకుంది.

"ఏవండీ, ఇది మా ఇన్నోవాకి సరిపోద్దా?" అంది, ఆ ఉదయమే షేర్ ఆటోలో పదిమంది మధ్య ఇరుక్కుని వచ్చిన పిల్ల.

పల్లంరాజుగారు ఆమె వైపు చూడనైనా చూడలేదు. మీసం సవరించుకుని, "వరసలో రా అమ్మాయ్, ముందు నా బేరం తెగనీ" అన్నారు. అప్పటికే వాళ్ళ వెనక ఒక కారు ఆగింది.