జీతం వద్దన్న వెర్లీన్

అమెరికాలో కెంటకీ రాష్ట్రంలోని మా కొండల్లో బొగ్గు గనులు మూతపడ్డాక మిగిలిన కొద్ది ఉద్యోగాల్లో వృద్ధాశ్రమం వంటగది ఒకటి. మా పక్కింటి వెర్లీన్ అక్కడ పూటపనికి గిన్నెలు కడిగేది. ప్రభుత్వం ఇచ్చే తిండి కార్డుతో ఇల్లు గడిచేది. ఉబ్బసం ఉన్న కూతురు టెస్సీకి మందులు ప్రభుత్వ వైద్య కార్డు మీద ఉచితంగా వచ్చేవి.

ఈ వసంతంలో మేనేజరు ఆమెను పెద్ద వంటమనిషిగా, రోజంతా పనికి రమ్మన్నాడు. శుక్రవారం లోగా చెప్పమన్నాడు. వెర్లీన్ వెళ్లనని మాతో అంది. మా వీధిలో ఎవరూ ఆశ్చర్యపోలేదు. జీతం పెరిగితే కార్డులు పోతాయని పని తగ్గించుకోవడం ఇక్కడ మామూలే. నిజమేమిటో ఈ కార్డులిచ్చే సహాయ కార్యాలయంలో అడిగేవాళ్లు మాత్రం లేరు. అడిగితే మన మీద కన్ను పడుతుందని భయం.

ఎదురింటి ఓపల్ మామ్మ వరండాలో చిక్కుళ్లు ఒలుస్తూ కదిలించింది.

"ఏమే, ఆ అంట్ల గిన్నెలంటే అంత మోజా?"

"మోజేంటి మామ్మా, టెస్సీ కార్డు పోతే ఆ జీతమంతా మందుల షాపుకే."

"పోతుందని ఎవరన్నారు?"

"అందరూ అంటారుగా."

"అందరూ అంటే నేనే. మీ అమ్మకి నేనే చెప్పా. నాకు మా ఆయన చెప్పాడు. ఆయన చెప్పినవాటిలో నిజమైంది ఒక్కటీ లేదు."

శుక్రవారం పొద్దున వెర్లీన్ చర్చికి వేసుకునే కోటు వేసుకుని కార్యాలయానికి బయల్దేరింది. నన్ను తోడు రమ్మంది. అక్కడి కౌంటరు కిటికీ దగ్గర ముందుకి వంగింది.

"నా గురించి కాదండీ. తెలిసినావిడ ఒకామె ఉంది..." అంటూ విషయం చెప్పింది.

లోపలున్న నెరిసిన జుట్టావిడ నవ్వలేదు. "ఆవిడకి తిండి కార్డు బాగా తగ్గుతుంది. ఆవిడ సొంత వైద్య కార్డు పోతుంది కాబట్టి వంటగది వాళ్లిచ్చే బీమా తీసుకోవాలి. పిల్లల కార్డుకి లెక్క వేరమ్మా. మీరు చెప్పిన జీతానికి అది పోదు."

"రాసిస్తారా?"

"పేరు చెబితే రాసిస్తా."

వెర్లీన్ కిటికీ అంచు పట్టుకుంది. తర్వాత తన పేరు, ఇంటిపేరుతో సహా, వెనక బెంచీ మీదివాళ్లకి కూడా వినబడేలా చెప్పింది.

కాగితం తీసుకుని బయటికొస్తుంటే ఆ బెంచీ మీది ఒకామె ఆమె కోటు పట్టుకుని ఆపింది.

"పిల్లల కార్డు పోదన్నారా?"

"పోదట. నువ్వు కూడా అడుగు," అని చెప్పి వెర్లీన్ మేనేజరుని కలవడానికి వంటగది వైపు గబగబా నడిచింది.