బయటి గొళ్ళెం

మా పక్క గదిలో ఉండే తాత మొన్న పొద్దున చనిపోయారు. చాయ్ పెట్టుకోవడానికి స్టవ్ ముందు కూర్చున్న మనిషి అలాగే గోడకి ఒరిగిపోయారట. అమ్మ వచ్చి ఈ మాట చెప్పినప్పుడు నాకు ఏడుపు కంటే ముందు భయం వచ్చింది. వచ్చే సోమవారం కోర్టులో సాక్ష్యం చెప్పాల్సిన మనిషి ఆయన ఒక్కరే.

నిజానికి ఒక్కరే కాదు. అది తర్వాత చెప్తాను.

మేముండేది సూరత్‌లో, వడోద్ అనే పేటలో. మా సందులో తల్లులు పనికి పోతూ చిన్నపిల్లల్ని గదిలో ఉంచి బయట గొళ్ళెం పెట్టి పోతారు. అందరికీ అలవాటే. తాతకి మాత్రం ఆ చప్పుడు పడేది కాదు. వాళ్లు మలుపు తిరగ్గానే వరసగా గొళ్ళేలన్నీ తీసేసి, సందు మొదట్లో పీట వేసుకుని కూర్చునేవారు. ఏ పిల్లా రోడ్డు మీదికి పోకుండా అదే కాపలా.

"పిల్లలు తప్పిపోతే జిమ్మేదారీ ఎవరిది తాతా?" అని అమ్మ కోప్పడేది.

"నాదే. నేనేడికి పోత? ఈడనే కూసుంటగా."

వయసులో ఉన్నప్పుడు ఆయన్ని అడ్వాన్స్ ఇచ్చి కరీంనగర్ వైపు నుంచి మగ్గాల పనికి తెచ్చారు. బాకీ తీరలేదంటూ షెడ్డులోనే ఉంచి బయట తాళం వేసేవారు. కోర్టు చెప్తే గాని వదల్లేదు.

నా సివిక్స్ పుస్తకంలో స్వతంత్ర న్యాయవ్యవస్థ గురించి నాలుగు లైన్లు ఉంటే, ఒకసారి పరీక్ష కోసం బట్టీ పడుతున్నాను.

"ఏంది మేడం, గంత గట్టిగ ఇంగ్లీష్‌ల ఎవర్ని తిడుతున్నవ్?" అన్నారు తాత.

తెలుగులో చెప్పాను. జడ్జి సర్కారు మాట కూడా వినక్కర్లేదు, చట్టం మాటే వినాలని.

"కుర్చీ ముచ్చట రాయలేదా?"

ఆయన కేసు రోజు అప్పటి షెడ్డు యజమాని సేఠ్ కోర్టు లోపలికి రాగానే ఎవరో పరుగున కుర్చీ తెచ్చి వేశారట. "జడ్జి సాబ్ కలం పక్కకు పెట్టిండు. ఏస్తే నిలబడ్డోళ్లందరికీ ఏయి, లేకుంటే తీసెయ్ అన్నడు. తీసేసిండ్రు. సేఠ్ నా పక్కకే నిలబడ్డడు బిడ్డా. అప్పుడు నా నోట్లకెల్లి మాటొచ్చింది."

"నువ్వే గెలుస్తవని తెల్సిపోయిందా?"

"గెలుపు కాదు. జడ్జి సేఠ్‌కు భయపడతలేడని తెల్సింది. గంతే చాలు."

ఇప్పుడు నేను దాచిన మాట. మా వెనకాల మరమగ్గాల షెడ్డుకి పగలు కూడా బయట తాళం వేస్తున్నారు. లోపలి పనివాళ్లు కిటికీ ఊచల్లోంచి ఖాళీ బాటిల్ చాపి నీళ్లడగటం, డాబా మీద బట్టలు ఆరేస్తూ నేనూ చూశాను. తాళం వేసింది సూపర్‌వైజర్. ఫిర్యాదు చేసింది తాత. అసలు తాళమే లేదంటున్నాడు ఈ షెడ్డు సేఠ్. మా నాన్న పని చేసేది ఆ సేఠ్‌దే ఇంకో షెడ్డులో.

నేను చూసిన సంగతి తాతకి తెలుసు. ఒక్కసారి కూడా కోర్టుకి రమ్మనలేదు.

"నిన్ను గుంజుకపోయి చెప్పిస్తే నాకూ సేఠ్‌కూ ఫరక్ ఏముంటది?" అన్నారు. "చెప్పబుద్ధైతే చెప్పు. లేకుంటే మంచిగ సదువుకో."

అప్పటినుంచి నాకు చదువు తలకెక్కలేదు. మెట్ల మీద ఎవరి అడుగు వినబడినా సూపర్‌వైజరే అనుకునేదాన్ని.

మొన్న, ఊరి నుంచి ఆయన కొడుకు వచ్చేదాకా తాతని ఆయన గదిలోనే పడుకోబెట్టారు. కుక్కలు దూరతాయని, అలవాటు కొద్దీ ఎవరో బయట గొళ్ళెం పెట్టేశారు. సందులో అందరూ ఉన్నారు. సూపర్‌వైజర్ కూడా దండ పట్టుకుని వచ్చాడు.

"ఇగ ఆ కేసు ఖతమే," అని నాన్నతో మెల్లగా అంటున్నాడు. నాన్న నేల చూస్తున్నాడు.

నాకు ఆ గొళ్ళెం తప్ప ఇంకేమీ కనబడలేదు. పోయి తీశాను. చప్పుడు పెద్దగా అయింది.

"ఏందమ్మా, ఎందుకు తీసినవ్?" అన్నాడు సూపర్‌వైజర్.

"లోపల తాతున్నడు."

సోమవారం కోర్టుకి వెళ్తాను. ఇంట్లో ఇంకా చెప్పలేదు. జడ్జి ఎలాంటివారో తెలియదు. భయం తగ్గలేదు.

మొన్న గొళ్ళెం తీశాక, తాత పీట తెచ్చుకుని ఆ గుమ్మంలోనే కూర్చున్నాను. ఒక కుక్క వచ్చి, నన్ను చూసి వెళ్లిపోయింది. కొడుకు వచ్చేదాకా తలుపు తెరిచే ఉంది. సందులోని ఎండ కొంచెం కొంచెం లోపలికి జరిగి, ఆయన పాదాల దాకా వచ్చింది.