చెరిగిన బొట్లు

ఊళ్ళో విషజ్వరాలు కదా, రేణిగుంటలో మా గోదాము గేటు దగ్గర నుదుటికి మిషన్ పెట్టి జ్వరం చూసే పని వారం రోజులుగా నాదే. వేడి ఉంటే ఇంటికి పంపేయాలి.

ఈ పొద్దున ప్యాకింగ్‌లో పనిచేసే రమణమ్మకు చూశాను. మిషన్ మామూలుగానే చూపించింది. కానీ రోజూ రూపాయంత కుంకుమ బొట్టు పెట్టుకునే మనిషి బోసి నుదురుతో ఉంది. ముక్కు మీద ఎర్రటి నీళ్ళ చార. మిషన్‌కు వేడి తెలియకుండా కుళాయి దగ్గర నుదురు తడుపుకుని వచ్చిందని అప్పుడర్థమైంది.

“ఏమ్మా, జొరమా?” అన్నాను.

“ఇంటికి పొమ్మంటే నా తావులో ఇంకొకర్ని పెట్టుకుంటారు సార్. జొరం నాలుగు దినాల్లో పోతాది. పని పోతే మళ్ళా యాడ దొరుకుతాది?” అంది.

వెనక లైనులో ఇంకో ఇద్దరి బొట్లు కూడా కారిపోయి ఉన్నాయి. కోపం వచ్చింది, వాళ్ళ మీద కాదు. నేరుగా మేనేజరు దగ్గరికి వెళ్ళి, “జ్వరంతో ఇంటికెళ్ళినవారి పని వారికే ఉంటుంది” అని రాసి సంతకం పెట్టమన్నాను. ఆయన ఒక్క మాట కూడా వాదించకుండా పెట్టేశాడు. కాగితం గేటుకు అంటించగానే ఐదుగురు తమంతట తామే పక్కకు వచ్చి నిలబడ్డారు.

అన్నట్టు, ఆ కాగితం అందుకునేటప్పుడు మేనేజరు వేళ్ళు నా చేతికి తగిలాయి. కాలిపోతున్నాయి.

“పై ఆఫీసులో చెప్పొద్దప్పా” అన్నాడు మెల్లగా. సరేనన్నాను.

ఇక్కడ పేరు రాయలేదు కాబట్టి మాట తప్పినట్టు కాదు. ఆయనకు అలాంటి కాగితం ఎవరు రాసివ్వాలో మీరే చెప్పండి.