డ్రైవరు అబ్రహాం గుండెదడ

1956లో నేను నందిగామలో ఒక ప్రైవేటు డాక్టరు గారి దగ్గర కాంపౌండరుగా ఉండేవాణ్ణి. ఆయన రాసిన మిక్స్చర్ కలపడం, అంటే నీళ్ళమందు సీసాలో పోసి, పూటకి ఎంత తాగాలో తెలిసేలా కాగితపు గుర్తులు అంటించడం నా పని.

ఆ వేసవిలో అబ్రహాం అనే బస్సు డ్రైవరు రావడం మొదలుపెట్టాడు. జగ్గయ్యపేట నుంచి బెజవాడకి బస్సు నడిపేవాడు. నలభై ఏళ్ళుంటాయి, దిట్టమైన మనిషి. గుండెదడ, చేతుల వణుకు అనేవాడు. డాక్టరు గారు పరీక్ష చేసి, గుండె బాగానే ఉందని చెప్పి, నరాలు నెమ్మదించడానికి బ్రోమైడ్ మిక్స్చర్ రాశారు. సీసా అయిపోగానే మళ్ళీ వచ్చేవాడు. మిగతా రోగులంతా వెళ్ళిందాకా బయట బల్ల మీదే కూర్చునేవాడు.

నాలుగోసారి నేను నవ్వుతూ, "మీకేం జబ్బు లేదండీ, ఉత్త భయం" అన్నాను. ధైర్యం చెబుతున్నాననుకున్నాను. అతను మందు తీసుకోకుండానే వెళ్ళిపోయాడు.

తర్వాత ఆ బస్సు కండక్టరు జ్వరానికి మందు కోసం వచ్చినప్పుడు అసలు సంగతి తెలిసింది. అంతకుముందు చలికాలంలో అబ్రహాం ఏడేళ్ళ కూతురు గొంతు జబ్బుతో పోయింది. అప్పుడతను బెజవాడలో ఉన్నాడు. నాలుగో రోజుకే డ్యూటీ ఎక్కాడట. కంట నీళ్ళు పెట్టగా ఎవరూ చూడలేదని, గుండె నిబ్బరం ఉన్నవాడని కండక్టరు మెచ్చుకున్నాడు. నాకు మాత్రం నేనన్న 'ఉత్త భయం' మాట గుర్తొచ్చి సిగ్గేసింది.

మూడు వారాలకి అబ్రహాం మళ్ళీ వచ్చాడు. మందు గది వదిలి వెళ్ళి అతని పక్కన కూర్చున్నాను. పాప పేరేమిటని అడిగాను.

"రూతు" అన్నాడు. తర్వాత నేల చూస్తూ, "మునేటి వంతెన ఎక్కానంటే స్టీరింగు ఏట్లోకి తిప్పేద్దామనిపిస్తందండి. వెనకాల జనం ఉన్నారని బిగబట్టుకుంటన్నా. ఎన్నాళ్ళు పట్టుకోగలనో తెలవట్లా. ఎవరికీ చెప్పబాకండి" అన్నాడు.

"బయట ఎవరికీ చెప్పను. డాక్టరు గారికి మాత్రం చెప్పక తప్పదు. నేనూ మీతో లోపలికొస్తా" అన్నాను. అతను లేచి నా వెంట వచ్చాడు.

డాక్టరు గారు తలుపు మూయించి గంటసేపు విన్నారు. ఆ రోజు నుంచే బస్సు నడపొద్దన్నారు. బస్సు ఓనరుకి నరాల నీరసమని మాత్రం చీటీ రాసి, షెడ్డులో పని ఇప్పించారు. భార్యని పిలిపించి, మనిషిని ఒంటరిగా వదలొద్దని చెప్పారు. గుంటూరులో మానసిక జబ్బులు చూసే డాక్టరుకి ఉత్తరమిచ్చారు. భార్య కూడా వెంట వెళ్ళింది. అక్కడ మొదటిసారి భార్యాభర్తలిద్దరూ కూతుర్ని తలుచుకుని కలిసి ఏడ్చారట. తేరుకోవడానికి ఏడాది దాకా పట్టింది. ఆ తర్వాతే మళ్ళీ బస్సెక్కాడు.

మగవాళ్ళు చాలామంది దుఃఖాన్ని కడుపునొప్పనో నడుంనొప్పనో పేరు పెట్టుకుని వస్తారని నాకు అతని వల్లే తెలిసింది. నిద్ర పడుతోందా, ఇంట్లో అందరూ ఎలా ఉన్నారు అని అడగడం అప్పటినుంచి అలవాటు చేసుకున్నాను.

ఇంకో రెండేళ్ళకి అబ్రహాం ఒక లారీ డ్రైవర్ని వెంటబెట్టుకొచ్చాడు. అతన్ని నా ఎదురుగా కూర్చోబెట్టి, నాతో "మందు సంగతి తర్వాత చూద్దురుగాని. ముందు ఈయన చెప్పేది వినండి" అని, తను బయటికి వెళ్ళి కూర్చున్నాడు.