రొంటిన దోపిన చెవి

1963లో నాకు నెల్లూరులో రేడియోలు, హియరింగ్ ఎయిడ్‌లు అమ్మే చిన్న దుకాణం ఉండేది. చెవుడుకు యంత్రం ఉంటుందని నమ్మేవాళ్లు అప్పట్లో తక్కువ. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది అప్పటికే చెవిలో వెల్లుల్లి నూనె పోయించుకుని, మెడకు తాయెత్తు కట్టించుకుని, ఎక్కడా గుణం కనిపించక చివరికి వచ్చినవాళ్లు. యంత్రం చూపించేముందు వాళ్లకు మూఢనమ్మకాల మీద ఒక ఉపన్యాసం ఇచ్చేవాణ్ణి. సంస్కరణ సభల్లో పదేళ్లు వాదించిన నోరు ఊరుకోదు. వినబడని మనిషికి ఉపన్యాసం ఇవ్వడంలోని అవివేకం నాకు చాలా ఏళ్లు తట్టలేదు.

అప్పుడు మా ఊళ్లో దొరికేవి ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి పాకెట్ మోడల్. సిగరెట్ పెట్టెంత డబ్బా చొక్కా జేబులో ఉంటుంది. మాటను పట్టుకునే మైక్రోఫోన్ ఆ డబ్బాలోనే ఉంటుంది. అక్కడినుంచి సన్నని వైరు చెవిలోని బిళ్ల దాకా పోతుంది. రెండోది అప్పుడప్పుడే వస్తున్న చెవి వెనక మోడల్. చింతకాయ ముక్కలా వంగి చెవి వెనక ఒదిగిపోతుంది. మొదటిదానికి బలం ఎక్కువ, రెండోది ఎవరి కంటా పడదు. నా దగ్గర మొదటిదే ఉండేది. రెండోది ఎదురు వరసలో చలపతి అమ్మేవాడు.

చలపతీ నేనూ మద్రాసులో ఒకే దుకాణంలో పని నేర్చుకున్నాం. నాకంటే రెండేళ్లు చిన్న. వాడి గుమ్మానికి నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు వేలాడుతుండేవి. కొత్త సరుకు వస్తే పెట్టెను కళ్లకద్దుకుని గాని విప్పేవాడు కాదు. అలాంటివాడికి కొత్త మోడల్ ఏజెన్సీ ఇచ్చి, నా ఉత్తరానికి కంపెనీవాళ్లు జవాబైనా రాయలేదు. నేను రేడియో బాగుచేస్తూనే ఒక కన్నుతో వాడి మెట్లెక్కేవాళ్లను చూస్తుండేవాణ్ణి. నిమ్మకాయను నమ్మేవాడి దగ్గర జనం, హేతువును నమ్మేవాడి దగ్గర ఈగలు అని పళ్లు నూరుకునేవాణ్ణి. మా ఇద్దరి మధ్య ఉన్నది సిద్ధాంత విభేదమని స్నేహితులతో చెప్పేవాణ్ణి. దాని అసలు పేరు అసూయ.

ఆ ఏడు నాట్లకు నెల ముందు విడవలూరు నుంచి పెంచలరెడ్డి గారు వచ్చారు. యాభై అయిదేళ్ల రైతు. వాళ్ల మడులు కాలవకు చిట్టచివర. నీళ్ల వంతులు తేల్చే పంచాయతీలో చివరి మడుల తరఫున మాట్లాడేది, తండ్రి పోయినప్పటినుంచీ ఆయనే. మూడేళ్లుగా చెవులు మందగించి, ఆ మాట తమ్ముడు మస్తాన్‌రెడ్డి చేతికి పోయింది.

“అందరూ వాడి మొకమే చూస్తారయ్యా. నేను నోరు తెరిస్తే నవ్వుకుంటారు. నా మడి గురించి చెప్పుకుంటా ఉండారో, నా గురించే చెప్పుకుంటా ఉండారో తెలవదు” అన్నారు. వైరు వేలాడేది మాత్రం వద్దన్నారు. మస్తానుకు కనపడకూడదు. ఎదురంగట్లో చెవి వెనక పెట్టుకునేది ఉందని ఎవరో చెప్పారట.

ఆ ఎదురంగడి మాటకు నాలో నిప్పు రాజుకుంది.

ఆయన వెనక నిలబడి గజం దూరం నుంచి, మూడు గజాల దూరం నుంచి మాటలు చెప్పి చూశాను. దగ్గరగా గట్టిగా అన్నవన్నీ పట్టుకున్నారు. చెవుడు మధ్యరకం. రెండు మోడళ్లలో ఏదైనా సరిపోవచ్చు. అలాంటప్పుడు ఏం పని చేస్తారు, ఏం కట్టుకుంటారు, ఎవరి మాట వినాలి అని అడగాలి. అది మద్రాసులో మాకు నేర్పిన మొదటి పాఠం. నేను ఏమీ అడగలేదు.

“మీ చెవికి అది చాలదు రెడ్డిగారూ. మీకు పాకెట్ మోడలే గతి” అన్నాను.

ఆ మాట నిజమో కాదో నాకు తెలియదు. ఆయన ఆ మెట్లు ఎక్కకూడదు, అంతే. చెవి అచ్చు తీసి, బిళ్ల చేయించి, డబ్బాను ఆయన చొక్కా జేబులో నా చేత్తోనే పెట్టి పంపాను.

పదిహేను రోజులకు తిరిగివచ్చారు. పంచాయతీ ఇంకో వారం ఉంది.

“ఏందయ్యా ఇది. మస్తాను మాట వినపళ్లా. నా కడుపులో గుడగుడ మాత్రం బాగా వినపడతా ఉండాది.”

చొక్కా పైకెత్తి చూపించారు. డబ్బా రొంటిన ఉంది. పొగాకు సంచి దోపుకునే పంచె మడతలో, మైక్రోఫోన్ పొట్టవైపు తిరిగి ఉంది. కదిలినప్పుడల్లా గుడ్డ రాసుకునే చప్పుడు తప్ప దానికి మరేం వినబడుతుంది? జేబులో ఎందుకు పెట్టుకోలేదని విసుక్కున్నాను.

“ఊళ్లో చొక్కా ఎవురేసుకుంటారయ్యా? నెల్లూరికి వచ్చేదానికి వేసుకుంటా” అన్నారు. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, ఎదురు వరస వైపు నడిచారు.

నేనూ వెంట వెళ్లాను. చలపతి ఏ అబద్ధం చెప్పి అమ్ముతాడో కళ్లారా చూసి, నలుగురిలో కడిగెయ్యాలని.

చలపతి నన్ను చూసి ఆశ్చర్యపోయినా, కుర్చీ వేశాడు. యంత్రాన్ని కళ్లకద్దుకుని రెడ్డిగారి చెవి వెనక అమర్చాడు. ఆయన మొహం విప్పారింది. వీధిలో పోతున్న రిక్షా గంట వినబడి అటు తిరిగారు.

అమ్మకం అయిపోయిందనుకున్నాను. చలపతి మాత్రం, “కళ్లు మూసుకోని చక్రం మీరే తిప్పండి పెద్దాయనా” అన్నాడు. శబ్దం పెంచే ఆ చక్రం కందిగింజంత. మడిపనికి కాయలు కాసిన బొటనవేలికి అది అందలేదు. మూడుసార్లు ప్రయత్నిస్తే, మూడోసారి యంత్రం ఒళ్లో పడింది. దాన్ని మళ్లీ పెట్టి, పొలంలో ఉన్నట్టే తువ్వాలు తలకు చుట్టుకోమన్నాడు. గుడ్డ చెవిని కప్పగానే యంత్రం కీచుమని కూసింది. మేము దాన్ని ఫీడ్‌బ్యాక్ అంటాం. చెవిలోంచి బయటికొచ్చిన శబ్దాన్నే మైక్రోఫోన్ మళ్లీ అందుకుంటే వచ్చే కూత.

“ఇది మీకు పనికిరాదు. అన్న ఇచ్చిందే సరైంది. పెట్టుకునే చోటు మారాల, అంతే” అని యంత్రాన్ని తుడిచి పెట్టెలో పెట్టేసి, నావైపు చూసి, “కాదా అన్నా?” అన్నాడు.

ఇవన్నీ నేను ముందే పరీక్షించి ఉంటానని వాడి నమ్మకం. నేను తలూపాను. అంతకంటే సిగ్గుపడ్డ తలూపు నా జీవితంలో లేదు.

చలపతి చిన్న గుడ్డసంచి తెచ్చి, డబ్బాను ముఖం బయటికి ఉండేలా అందులో పెట్టాడు. రెడ్డిగారి మెడలో తాయెత్తు తాడు ఉంది. ఆ తాడుకే సంచి కట్టి రొమ్ము మీద వేలాడదీశాడు. ఉపన్యాసం నా గొంతుదాకా వచ్చింది. మింగేశాను.

“మస్తానుకు కనపడతాది గదా” అన్నారు రెడ్డిగారు.

“కనపడనీండి. కనపడితేనే మీవైపు తిరిగి మాట్లాడతారు. చెవుడు దాచిపెడితే ఎవురికి తెలస్తాది, గట్టిగా చెప్పాలని?”

పెద్దాయన సంచిని అరచేత్తో ఒకసారి తడుముకుని లేచారు.

పంచాయతీ అయిన మర్నాడు నా దుకాణానికే వచ్చారు. మెడలో సంచి అలాగే ఉంది. ఏమైందని అడిగాను.

“మస్తాను నాకంటే బాగా మాట్లాడతా ఉండాడయ్యా. ఇన్నాళ్లూ నా మీద చాడీలు చెప్పతా ఉండాడేమో అనుకున్యా. మడి గురించే మాట్లాడినాడు, బాగా మాట్లాడినాడు. అది విన్నాక ఇంకా మంట.”

అయితే ఒక చోట తమ్ముడు తప్పాడట. తూము మరమ్మతుకు మూసి నీళ్లే రాని మూడు రోజుల్నీ చివరి మడుల వంతులో కలిపేస్తుంటే ఊరుకున్నాడు. రెడ్డిగారు లేచి, ఆ మూడూ మా వంతులోకి రావన్నారు. అందరూ ఇటు తిరిగారు. రొమ్ము మీది సంచీ చూశారు. ఎవరూ నవ్వలేదు. ‘అన్న చెప్పినట్టే రాయండి’ అన్నాడట మస్తాన్‌రెడ్డి. అది చెప్పేటప్పుడు మాత్రం పెద్దాయన మూతి కాస్త సడలింది.

ఆ తర్వాత నా దగ్గరికి ఎవరొచ్చినా చెవికంటే ముందు వేళ్లు చూశాను, ఒంటిమీది బట్ట చూశాను, ఇంట్లో ఎలా ఉంటారో అడిగాను. రెడ్డిగారికి నేను చెప్పిన మాట చివరికి సరైనదే అయింది. తెలుసుకుని చెప్పిన మాట కాదు గనక, దానిలో నా గొప్పేమీ లేదు. హేతువు లేకుండా నోటికొచ్చిన నిజానికీ, గుమ్మానికి కట్టిన నిమ్మకాయకూ పెద్ద తేడా లేదు.

చలపతి మీద అసూయ పోయిందా అంటే, పోలేదు. అంతకుముందు వాడి ఏజెన్సీని చూసి కుళ్లుకునేవాణ్ణి. ఆ తర్వాత, అమ్ముడుపోయినట్టే ఉన్న యంత్రాన్ని తుడిచి తిరిగి పెట్టెలో పెట్టేసిన వాడి చెయ్యి గుర్తొచ్చినప్పుడల్లా కుళ్లుకున్నాను.