పుంజుపిల్ల కూయదు

మా ఆడపడుచు ఎర్మెలిందా నలుగురిలో నోరు విప్పే రకం కాదు. ఇంటి నిండా చుట్టాలున్నా పొసోలె పులుసు కుండ దగ్గర గరిటె పట్టుకుని నిలబడిపోతుంది. అలాంటి మనిషికి ఊట పక్కన, జనం వచ్చి చూసే అద్దాల తొట్టి ఉన్న చేపల గది అప్పజెప్పారు. విని నేను నవ్వాను.

ఆ గదిలో ఉండేది ఒకే రకం చేప. తోక అంచున నారింజ రంగు చార ఉంటుందని మా ఊళ్లో దాన్ని పుంజుపిల్ల అంటారు. మా ఏట్లో అది ఎప్పుడో అంతరించిపోయింది. విశ్వవిద్యాలయం వాళ్లు తొట్లలో పెంచి మళ్లీ మా హలిస్కో రాష్ట్రానికి తెచ్చారు.

ఆ పేరే కొంప ముంచింది. కోడిపందేలకు చెవి కోసుకునే మా జనం పుంజు అంటే ఊరుకుంటారా? ఊరి పెద్దలు గది గోడ మీద రెక్కలు విప్పిన కోడిపుంజు బొమ్మ వేయించారు. వచ్చినవాళ్లు అద్దం మీద టకటకా కొట్టి కొక్కొరోకో అని కూసేవాళ్లు. చేపలు నాచు వెనక్కి దూరేవి. ఇదేం పుంజు, పెట్టకన్నా పిరికిది అని తిట్టుకుంటూ పోయేవాళ్లు. జనం పోయాక ఎర్మెలిందా ఒక్కతీ కదలకుండా కూచుంటే, ఒక్కొక్కటే బయటికొచ్చి ఆమె ఎదుట తోకలాడించేవి. అవి ఊళ్లోనే బతికి పిల్లల్ని పెట్టాలని ఆమెకు ఒకటే ఆరాటం.

ఊరి పండక్కి ముందు అధికారి దోన్ ఎవారిస్తో వచ్చి నాచంతా పీకేసి దీపాలు పెట్టమన్నాడు. చేపలు కనపడకపోతే గదిలో బజార్లో దొరికే రంగు చేపలు పెట్టిస్తానన్నాడు. పాపం, ఎర్మెలిందా భయపడి తలూపింది. పండగనాడు చేపలు చక్కగా కనిపించాయి, దాక్కోవడానికి చోటుంటేగా! మర్నాటికి అన్నీ పాలిపోయి, ఒకదాని చాటుకి ఒకటి దూరుతున్నాయి. చూలుతో ఉన్న చేప చచ్చిపోయింది. దాన్ని అరచేతిలో పెట్టుకుని ఎర్మెలిందా వెక్కి వెక్కి ఏడ్చింది.

ఆ సాయంత్రమే విశ్వవిద్యాలయం వాళ్లకు ఫోన్ చేసి, వాళ్లు సరేనన్నాక, చేపల్ని తన పెరట్లోని రాతి తొట్టిలోకి మార్చేసి, గది మూసేసింది. ఎవారిస్తో మండిపడుతూ వచ్చాడు.

"గది మూసెయ్యడానికి నువ్వెవరమ్మా?"

"కాపలాదాన్నండీ," అంది. "గదికి కాదు, చేపలకి."

ఆ పని పోయింది. ఇప్పుడా గదిలో రంగు చేపలు, గుమ్మం దాకా జనం.

మొన్న నేను వాళ్ల పెరట్లోకి వెళ్లాను. తొట్టి నిండా నాచు తప్ప ఇంకేం కనపడలేదు.

"ఏమే, అసలు ఉన్నాయా?" అన్నాను.

"నువ్వలా వాగుతుంటే ఎలా వస్తాయి వదినా? కాసేపు నోర్మూసుకుని కూచో."

నా మొగుడు కూడా నన్ను ఆ మాట అనలేదు. అయినా కూచున్నాను. కాళ్లు తిమ్మిరెక్కాయి. నాచు అంచున బియ్యపు గింజంత పిల్ల ఒకటి కదిలింది. దాని వెనక ఇంకోటి. అదిగో అని అరవబోయి, గబుక్కున చేత్తో నోరు నొక్కుకున్నాను.