దాని పేరున ఒక మునక

రామేశ్వరం పక్కన అని నోరు జారకుండా ఉంటే ఇంత గొడవ జరిగేది కాదు. నేను పోదామనుకున్న దీవి అసలు పేరు చెబితే మా ఊళ్ళో ఎవరికీ తెలియదు. తెలిసిన పేరేదో ఒకటి చెబితే పోతుంది కదా అనుకున్నాను.

అప్పట్లో నేను గురజాలలో హైస్కూలు పిల్లలకి సైన్సు చెబుతుండేవాణ్ణి. మా ఊరు మాచవరం వైపు. సాగర్ డ్యామ్ ఇంకా కడుతూనే ఉన్నారు. కాలవ నీళ్ళు మా పొలాల దాకా వస్తాయన్నది అప్పటికి ఉపన్యాసాల్లో మాటే. ఎండాకాలం వచ్చిందంటే మా ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని నీళ్ళెక్కడున్నాయా అని తిరిగేవాళ్ళు. అలాంటి ఊళ్ళో పుట్టినవాడికి సముద్రం అడుగు చూడాలన్న కోరిక పుట్టడం కొంచెం ఎక్కువేనని ఒప్పుకుంటాను.

ఆ కోరిక అంటించింది గుంటూరు కాలేజీలో నాతో చదివిన స్నేహితుడు. అతనికి మండపం దగ్గర సముద్రపు ప్రాణుల మీద పరిశోధన చేసే ఉద్యోగం దొరికింది. ఒక పెళ్ళిలో కలిసినప్పుడు, పడవ మీద పోతే ఒక చిన్న దీవి వస్తుందనీ, కళ్ళకీ ముక్కుకీ గాజు తొడుగు బిగించుకుని, నోట్లో గొట్టం పెట్టుకుని నీళ్ళ మీద బోర్లా పడుకుంటే కిందున్నదంతా కనిపిస్తుందనీ చెప్పాడు. "నువ్వు పిల్లలకి సీసాల్లో చూపించేవన్నీ అక్కడ తిరుగుతుంటాయిరా, సెలవుల్లో రా" అన్నాడు.

మా స్కూలు సీసాల్లో ప్రాణులన్నిటిదీ ఒకే రంగు. నక్షత్ర చేప అయినా, సముద్ర గుర్రమైనా ఏళ్ళ తరబడి మందునీళ్ళలో నాని ఉడకబెట్టిన చామదుంపలా అయిపోయాయి. బతికున్నప్పుడు ఏ రంగులో ఉంటుందండీ అని పిల్లలడిగితే పుస్తకం తీసి బొమ్మ చూపించేవాణ్ణి. పుస్తకంలో బొమ్మ నలుపూ తెలుపూ.

ఇంట్లో సంగతి చెప్పాను. మా వైపు మనిషి రైలెక్కాలంటే పెళ్ళన్నా ఉండాలి, చావన్నా ఉండాలి, కోర్టు వాయిదా అన్నా ఉండాలి. మా నాన్న ఒక్కొక్కటే అడుగుతూ వచ్చాడు.

"అక్కడ మనోళ్ళెవరున్నారు?"

"ఎవరూ లేరు నాన్నా. స్నేహితుడున్నాడు."

"వాడి పెళ్ళా?"

"కాదు. చేపల్ని చూడ్డానికి."

"కొనటానికా?" అన్నాడు.

"ఊరికే చూడ్డానికే."

ఆయన లేచి గొడ్లకి మేత వెయ్యడానికి పోయాడు. పోతూ పోతూ, ఇంతకీ ఏ ఊరు అన్నాడు. అప్పుడే రామేశ్వరం పక్కన అన్నాను.

పొద్దున్న లేచేసరికి నేను యాత్రికుణ్ణి అయిపోయాను. రామేశ్వరం పోయేవాళ్ళలో చాలామంది సంతానం కోసం పోతారు. నాకప్పటికి పెళ్ళి కాలేదు. "పెళ్ళి కాకముందే పిల్లల కోసం పోతన్నాడు, చానా ముందుచూపు మా మనవడికి" అని ఎదురింటి అవ్వ వీధిలో పోయే ప్రతివాళ్ళనీ ఆపి మరీ చెప్పింది.

మా ఊళ్ళో ఇంకో అలవాటుంది. తీర్థానికి పోలేనివాళ్ళు పోయేవాడి చేత తమ పేరున ఒక మునక వేయించుకుంటారు. నీళ్ళలో నిలబడి, ఫలానా పేరు, నాకు ఫలానా వరస అని చెప్పి నిండా మునగాలి. నడినెత్తి తడవకపోతే ఆ మునక చెల్లదు. ఇక చూడండి, నేను అన్నం తింటుంటే వచ్చారు, గడ్డం గీసుకుంటుంటే వచ్చారు, దొడ్లోకి చెంబు పట్టుకుని పోతుంటే కూడా ఆపారు. పంచాయతీ ప్రెసిడెంటు వచ్చి తన మునక అందరికంటే ముందు పడాలన్నాడు. ఎన్నికల్లో ఆయన మీద ఓడిపోయినాయన సందు చివర కాపు కాసి, "వాడిది ఎన్నోది వేస్తన్నావో నాకనవసరం అల్లుడూ, నాది మాత్రం దానికి ముందెయ్యి" అన్నాడు. పక్కింటి తాత క్రైస్తవుడు, బడిపంతులుగా చేసి మానుకున్న మనిషి. ఆయనొక్కడే నా మీద జాలిపడ్డాడు. "మాకు ఒకటే మునక నాయనా, అది ఎప్పుడో అయిపోయింది. కుదిరితే నాకో గవ్వ పట్రా" అన్నాడు.

మా మేనత్త మాత్రం ఏమీ అడగలేదు. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే. చిన్న వయసులోనే భర్త పోతే పుట్టింటికి వచ్చేసి, మా వంటింట్లోనే ఉండిపోయింది. బయల్దేరే రోజున పులిహోర మూట కట్టి, గోంగూర పచ్చడి సీసాకి మూతి మీద గుడ్డ బిగిస్తూ, నా వైపు చూడకుండా అంది.

"నాకేం వద్దుగాని, దానికొకటి వెయ్యి."

దానికి అంటే ఎవరికో నాకు తెలుసు. అత్తకి ఒక ఆడపిల్ల పుట్టి, పేరు పెట్టే రోజు రాకముందే పోయింది. నేను అప్పటికి పలక పట్టుకుని బడికి పోతున్నాను. ఆ పిల్ల సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు. అంత చిన్న ప్రాణానికి కర్మా లేదు, తద్దినమూ లేదు. అత్త ఇన్నేళ్ళలో నన్ను ఏదన్నా అడగడం అదే మొదటిసారి. "అట్టాగే అత్తా" అన్నాను. తర్వాత నడికుడిలో రైలెక్కి కూర్చున్నాక గాని నాకు తట్టలేదు, పేరు లేని పిల్లకి ఏ పేరు చెప్పి మునగాలని.

గుంటూరులో ఒక బండి, మద్రాసులో ఇంకో బండి మారి, పులిహోర అయిపోయి, పచ్చడి సగమయ్యేసరికి మండపం చేరాను. మర్నాడే స్నేహితుడు నన్ను పడవలో ఆ దీవికి తీసుకుపోయాడు. కొబ్బరిచెట్లు, తెల్లటి ఇసక, ఒక రేకుల షెడ్డు, అంతే దీవి. నీళ్ళు మాత్రం గాజులా ఉన్నాయి. మా ఊళ్ళో తాగే నీళ్ళు కూడా అంత తేటగా ఉండవు.

ఇక్కడ నా ఈత సంగతి చెప్పాలి. మా పలనాటి ఈత బావి ఈత. చిన్నప్పుడు నడుముకి ఎండు సొరబుర్ర కట్టి బావిలోకి తోసేస్తారు, ఆ పైన మన తిప్పలు మనవి. గట్టు మీంచి నిటారుగా దూకడం, ఊపిరి బిగబట్టి అడుక్కి పోవడం, గుప్పెడు బురద తెచ్చి పైనున్నవాళ్ళకి చూపించడం, మాకు తెలిసిన విద్య ఇంతే. పక్కకి ఈదడానికి బావిలో చోటెక్కడిది? నేను ఆ లెక్కనే పడవ అంచు మీద నిలబడి, పంచె గోచీ బిగించి దూకాను. పడవ నడిపే అతను అరవంలో ఏదో కేకేశాడు. లోతు నడుము దాకే ఉందని ఆ కేకకి అర్థమట. ఒంటి నిండా సూదులున్న ఒక నల్లటి గుండ్రటి ప్రాణి మీద నా మడమ దిగింది. ఆ ప్రాణి గురించి ఏటా పిల్లలకి రెండు పేజీలు నోట్సు చెప్పేవాణ్ణి. ఇంత నొప్పి పెడుతుందని అందులో ఎక్కడా లేదు.

ముళ్ళు తీసి, కుంటుతూ మళ్ళీ దిగాను. ఈసారి గాజు తొడుగు పెట్టారు, నోట్లో గొట్టం పెట్టారు. బోర్లా పడుకో అన్నాడు స్నేహితుడు. ఒళ్ళు ఒప్పుకోలేదు. మా దగ్గర నీళ్ళ మీద బోర్లా తేలిన మనిషి కనిపిస్తే మంచం తెమ్మని కేకలేస్తారు. నేను పడుకోబోతానా, కాళ్ళు వాటంతటవే అడుక్కి పోయి నిలబడేవి. గొట్టంలోకి నీళ్ళు పోయి కడుపునిండా ఉప్పునీళ్ళు తాగాను. "ఒరేయ్, నువ్వు చేపల్ని చూడ్డానికి వచ్చావా, సముద్రాన్ని తాగడానికి వచ్చావా" అని విసుక్కుని, చివరికి వాడే నా నడుం కింద చెయ్యి వేసి పసిపిల్లాణ్ణి పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

అప్పుడు కనిపించింది. ఊదారంగు కొమ్మలు, పసుపు కొమ్మలు. అవి చెట్లు కావు, ప్రాణులేనని నేనే పాఠం చెబుతాను, అయినా నమ్మబుద్ధి కాలేదు. చిలకపచ్చ చేప ఒకటి ముక్కుతో ఆ రాతి కొమ్మని కొరుకుతుంటే ఆ పటపట శబ్దం నీళ్ళలోంచి నాకు వినపడింది. అటుకులు నమిలే ముసలమ్మలా ఏ తొందరా లేకుండా కొరుకుతోంది. నక్షత్ర చేప ఇటికరంగు ఎరుపు. అది తెలిశాక నా సంతోషం ఇంతా అంతా కాదు. గొట్టం నోట్లో ఉన్న సంగతి మరిచిపోయి ఎర్రగా ఉందిరా అని అరవబోయి ఇంకో గుక్కెడు తాగాను. ఆ రోజు నించి నన్ను నీళ్ళలోంచి బయటికి లాగడమే వాడికి పనైపోయింది. నా వీపు కమిలి పొట్టు లేచిపోయింది.

ఇలా బోర్లా తేలినంతసేపూ నా నడినెత్తి మాత్రం పొడిగానే ఉండేది. ఊరివాళ్ళ లెక్కలో నేనింకా సముద్రంలో ఒక్క మునకా వెయ్యలేదు. అందుకని సెలవులు అయిపోవస్తుంటే ఒక రోజు రామేశ్వరం పోయి, తెలుగొచ్చిన పంతులు ఒకాయన్ని మాట్లాడుకుని ఒడ్డున దిగాను. ఆయన పేరూ వరసా అడగడం, నేను చెప్పి మునగడం. ప్రెసిడెంటునీ, ఓడిపోయినాయన్నీ కలిపి ఒకే మునక వేశాను. రెండు పార్టీలు అలా ఒక్కచోట కలవడం మా ఊరి చరిత్రలో లేదు. పంతులుగారికి నా ఊపు చూసి భక్తుడే అనిపించి ఉంటుంది.

చివరికి అత్త చెప్పింది మిగిలింది.

"పేరు?" అన్నాడాయన.

"పేరు లేదండీ. పెట్టకముందే పోయింది."

"పేరు లేకుండా ఎలాగ? ఏదో ఒకటి చెప్పండి, దేవుడికి తెలుస్తుంది."

ఏదో ఒకటి చెప్పడానికి నాకు నోరు రాలేదు. తల్లి పెట్టుకోని పేరు నేనెవర్ని పెట్టడానికి? వెనక జనం తోసుకొస్తున్నారు. పంతులుగారు ఇంకొకళ్ళ వైపు తిరిగాడు. నేను తడిబట్టలతో ఒడ్డెక్కాను. ఊళ్ళో అందరి పనీ చేసుకుని, నన్ను పెంచిన మనిషి పని చెయ్యకుండా ఏ మొహం పెట్టుకుని ఇంటికి పోతానని చాలా బాధపడ్డాను.

తిరుగు రైలెక్కే రోజు పొద్దున దీవికి మళ్ళీ పోయాను. స్నేహితుడు ఒడ్డునే ఉన్నాడు. కొమ్మలకి అవతల లోతున్న చోటు నాకు అప్పటికి తెలుసు. గాజు తొడుగూ గొట్టమూ తీసి పడవలో పెట్టేశాను. పేరు లేకపోతే లేకపోయింది, వరస ఉంది కదా అని అప్పుడు తోచింది. మేనత్త కూతురు నాకేమవుతుంది? ఆ మాట నేను ఎన్నడూ అనుకోలేదు. పైకే అన్నాను, పడవ నడిపే అతనికి తెలుగు రాదు గనక. అని, చిన్నప్పుడు బావిలో పోయినట్టు అడుగు దాకా పోయి, ఊపిరి ఉన్నంతసేపూ అక్కడే ఉన్నాను.

ఊరికి తిరిగొచ్చాక నాలుగు రోజులు మా అరుగు మీద జనమే. వాళ్ళ మునకలు సరిగ్గా పడ్డాయా లేదా అని అడిగారు గాని, చేపల సంగతి ఒక్కళ్ళూ అడగలేదు. తాత మాత్రం గవ్వని చెవి దగ్గర పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. అందరూ వచ్చిపోయాక, ఒక మధ్యాహ్నం నాన్న పొలం పోయిన వేళ, అత్త చేటలో మిరపకాయలు పోసుకుని తొడిమలు తీస్తూ అడిగింది.

"దానికి వేశావా?"

"వేశానత్తా."

"ఏమని చెప్పావు?"

"నా మరదలు అని చెప్పాను."

అత్త చెయ్యి ఆగిపోయింది. ఆ పిల్లని ఒక వరస పెట్టి ఎవరన్నా అనడం ఆవిడ అంతవరకూ విని ఉండదు. "నీకిచ్చేదాన్నో లేదో. చేపల్ని చూడ్డానికి రైలెక్కేవాడికి పిల్లనెట్టా ఇస్తారంట" అంది. నవ్వబోయింది, కళ్ళ నీళ్ళొచ్చాయి. చేతులకి కారం ఉందని మోచేత్తో తుడుచుకుంది.

"నీళ్ళు చల్లగా ఉన్నయ్యా?"

"లేదత్తా. గోరువెచ్చగా ఉన్నయ్."

"లోపలంతా చీకటా?"

"చీకటేం లేదు. ఎండ అడుగు దాకా పడతది."

కూతుర్ని కాపురానికి పంపిన తల్లి ఆ ఊరు పోయొచ్చిన మనిషిని కూర్చోబెట్టి అడిగినట్టు ఒక్కొక్కటే అడిగింది. ఆ చేపలు ఏం తింటాయి, కరుస్తాయా, గాలివానొస్తే ఎక్కడ దాక్కుంటాయి. తెలిసింది చెప్పాను. తెలియంది పుస్తకం చూసి చెబుతానన్నాను.

"నువ్వు మునిగిన కాడ ఏమున్నయ్?"

"నీలంరంగు చేపలత్తా, గుంపుగా. నా చుట్టూతా తిరిగినయ్."

"పెద్దయ్యా?"

"పిల్లలే. వేలెడంత ఉంటయ్."

అత్త చేట ముందుకి లాక్కుని మళ్ళీ తొడిమలు తియ్యడం మొదలుపెట్టింది.

"పోన్లే," అంది. "దానికి తోడున్నయ్."